నవల్లో మనిషి పోతే మనకెందుకు ఏడుపు? ఫాంటసీ పాత్రల మీద పెరిగే మమకారం గురించి

"మా పిల్ల రెండ్రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదబ్బా, ఏమైందే అంటే ఏదో నవల్లో ఎవడో చచ్చిపోయినాడంట." తిరుపతిలో, చిత్తూరులో డిగ్రీ చదివే పిల్లలున్న ఇళ్ళల్లో ఇట్లాంటి మాట ఇప్పుడు పెద్ద వింతేం కాదు. చెప్పేవాళ్ళ గొంతులో సగం నవ్వు, సగం టెన్షన్. ఆ పిల్లకేమో దిగులు ఒకటి, ఆ దిగులు బయటికి చెప్తే నవ్వుతారన్న సిగ్గు ఇంకొకటి. వాట్సాప్ స్టేటస్‌లో విరిగిన గుండె బొమ్మ పెడుతుంది, ఎవరు పోయారని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలీక మళ్ళీ తీసేస్తుంది. పెద్దవాళ్ళకు ఇది చదువు ఎగ్గొట్టే వేషంలాగా అయినా కనిపిస్తుంది, లేదంటే మనసుకేదో జబ్బు చేసినట్టయినా కనిపిస్తుంది. ఈ రెండింటి మధ్యలో చాలా చోటుంది. మాంత్రికులూ డ్రాగన్లూ కూలిపోయిన రాజ్యాలూ ఉండే పుస్తకాల్లోని మనుషుల మీద ఇంత మమకారం ఎట్లా పుడుతుందో, అది ఎంతవరకు మామూలు సంగతో, ఎక్కడ చిక్కవుతుందో విడదీసి చూద్దాం.

అందరూ ఎటాచ్‌మెంట్ అంటారు, అందులో నాలుగు రకాలున్నాయి

ఒక నవల ఉందనుకుందాం. ఐదు భాగాలు. రాజ్యం పోగొట్టుకుని అడవులు పట్టిన ఒక రాకుమార్తె, చిన్నప్పటి నుంచీ ఆమెను కనిపెట్టుకుని ఉన్న ఒక అంగరక్షకుడు. మూడో భాగం చివర దారిలో ఇచ్చిన నీళ్ళ మీద అనుమానం వచ్చి, ఆమెకంటే ముందు తాను తాగి చూసి చనిపోతాడు. ఈ పేజీ నలుగురు చదివారు.

మొదటామె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పాపం, అంత మంచివాడు ఇట్లా పోయాడే అని. ఇది సానుభూతి, మనం బయట నిలబడి బాధపడడం. రెండో ఆమె చదువుతున్నంతసేపూ తానే రాకుమార్తె, అందుకని ఆమె నోట వచ్చే మాట "నన్ను వదిలేసి పోయాడు". ఇది తాదాత్మ్యం. మూడో మనిషి ఎస్వీ యూనివర్సిటీలో పీజీ చేసే కుర్రాడు. పుస్తకం మూసేసినా ఆ అంగరక్షకుడు ఈ కుర్రాడి వెంట ఉంటాడు. ఇంటర్వ్యూకి పోయేముందు, ఇంట్లో గొడవయినప్పుడు, 'ఆయనుంటే ఏమనేవాడు' అని అనుకోవడం అలవాటైపోయింది. దీన్ని పారాసోషల్ సంబంధం అంటారు. 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఈ పేరు పెట్టారు. వాళ్ళు చూసింది రేడియో, టీవీల్లో మాట్లాడేవాళ్ళ మీద జనం పెంచుకునే చనువుని. మనకు ఆ మనిషి బాగా తెలిసినట్టు ఉంటుంది, ఆ మనిషికి మాత్రం మనం ఉన్నామనే తెలీదు. హీరో కటౌట్‌కి పాలాభిషేకం చేసే ఊళ్ళలో ఈ సంగతి పుస్తకం చూసి నేర్చుకోవాల్సింది కాదు. కాకపోతే హీరో ఎక్కడో ఒకచోట ఉన్నాడు, మన అంగరక్షకుడు ఎక్కడా లేడు.

నాలుగో ఆమెకు ఆ అంగరక్షకుడి మీద ప్రేమ. నిజంగానే ప్రేమ, పెళ్ళి సంబంధం వస్తే 'ఆయనలా లేడు' అని మనసు వెనక్కి లాగేంత. దీన్నిప్పుడు ఫిక్టోఫీలియా అంటున్నారు. ఇట్లాంటివాళ్ళు ఆన్‌లైన్‌లో తమలో తాము మాట్లాడుకున్న చర్చలను తీసుకుని ఫిన్లాండ్ పరిశోధకులు 2021లో ఒక అధ్యయనం వేశారు. అందులో నాకు ముఖ్యమనిపించిన సంగతి ఏమంటే, ఆ పాత్ర నిజంగా లేదన్నది వాళ్ళకు పూర్తిగా తెలుసు. భ్రమలో ఉన్నవాళ్ళు కారు, తెలుసు కాబట్టే వాళ్ళకు బాధ.

ఒకే మనిషిలో ఈ నాలుగూ కలగలిసి ఉండొచ్చు, సోమవారం సానుభూతి, శుక్రవారానికి ప్రేమ. కానీ ఇంట్లో గొడవ జరిగేటప్పుడు తల్లి నాలుగోదాన్ని ఊహించుకుని భయపడుతుంటుంది, కూతురు మొదటిదాన్ని గురించి చెప్తుంటుంది. సగం కొట్లాట అక్కడే.

ఫాంటసీలోనే ఇది ఎందుకు ముదురుతుంది

ముందు కాలం లెక్క చూడండి. ఐదు భాగాలు, భాగానికి 600 పేజీలు, పేజీకి రెండు నిమిషాలు వేసుకుంటే 6,000 నిమిషాలు, అంటే 100 గంటలు. క్లాసులో పక్కన కూర్చునే అమ్మాయితో రోజుకు పావుగంట మనసు విప్పి మాట్లాడుకుంటే (అంత మాట్లాడుకునేవాళ్ళు తక్కువే) 100 గంటలు కావడానికి 400 రోజులు పడుతుంది. పైగా ఆ 100 గంటల్లో పాత్ర ఫోన్ చూసుకోదు, మాట మధ్యలో లేచి పోదు. నవల ఇంకో పని కూడా చేస్తుంది, అది సినిమా అంత సులువుగా చేయలేదు. పాత్ర మనసులో ఏముందో నేరుగా చెప్తుంది. రాకుమార్తెకు పైకి చెప్పని భయం మనకు తెలుసు, అంగరక్షకుడికి చిన్నప్పుడు ఏం జరిగిందో రాకుమార్తెకు కూడా తెలీదు, మనకు తెలుసు. సొంత అన్న మనసులో ఏముందో ఇంత వివరంగా ఎవరికి తెలుసు చెప్పండి? ఇంత దగ్గరగా తెలిసిన మనిషి పోతే బాధ కలగకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఈ రెండూ ఏ పెద్ద నవలకైనా వర్తిస్తాయి. ఫాంటసీకి ప్రత్యేకమైనది, అందులో పాత్రతో పాటు లోకం కూడా మనకు కొత్తగా అలవాటవడం. మామూలు సాంఘిక నవల్లో ఒక గుమాస్తా పోతే, అట్లాంటి గుమాస్తా తిరుపతి భవానీ నగర్‌లోనో గాంధీ రోడ్డులోనో ఇంకా కనిపిస్తాడు. ఫాంటసీలో ఆ ఊళ్ళు, ఆ పటం, ఆ మంత్రాల నియమాలు, వాళ్ళు తినే తిండి అన్నీ పుస్తకం దాటితే లేవు. చివరి పేజీతో ఒక మనిషి పోవడమే కాదు, ఊరే ఖాళీ అవుతుంది. ఇంకొకటి, అక్కడ తప్పొప్పులు పెద్ద అక్షరాల్లో కనపడతాయి. మన జీవితంలో ధైర్యం అంటే మేనేజర్ ముందు నోరు విప్పడం, అది కూడా విప్పాలా వద్దా అని నెలల తరబడి నానుతుంది. అక్కడ ఒకడు విషం నీళ్ళు తాగేస్తాడు, అంతే, వాడేంటో తెలిసిపోతుంది.

2011లో అమెరికాలోని బఫెలో యూనివర్సిటీకి చెందిన షిరా గేబ్రియల్, అరియానా యంగ్ ఒక సరదా ప్రయోగం చేశారు. విద్యార్థుల్లో కొందరికి మాంత్రికుల కథ హ్యారీ పోటర్‌లో కొంత భాగం, కొందరికి రక్తపిశాచుల ప్రేమకథ ట్వైలైట్‌లో కొంత భాగం చదవమని ఇచ్చారు. తర్వాత ప్రశ్నలు: నిద్ర లేకుండా ఎంతసేపు ఉండగలవు? నీ పళ్ళు ఎంత పదునుగా ఉంటాయి? గట్టిగా ప్రయత్నిస్తే మనసుతోనే ఒక వస్తువును కదిలించగలవా? మాంత్రికుల కథ చదివినవాళ్ళ జవాబులు మాంత్రికుల వైపు, పిశాచుల కథ చదివినవాళ్ళ జవాబులు పిశాచుల వైపు మొగ్గాయి. కథ ఒక పాత్రతో స్నేహం ఇవ్వడంతో ఆగదు, ఆ గుంపులో మనకూ సభ్యత్వం ఇస్తుందని వాళ్ళు తేల్చారు. ఎక్కడా ఇమడలేకపోతున్నానని అనుకునే పద్దెనిమిదేళ్ళ వయసులో ఆ సభ్యత్వం విలువ ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

ఇదంతా ఇంగ్లీషు పుస్తకాల ప్రభావం అనేవాళ్ళకు ఒక మాట. చందమామ 1947 జూలైలో మొదలైంది, దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలు దశాబ్దాల పాటు పిల్లల్ని నెలనెలా పోస్ట్‌మ్యాన్ కోసం వాకిట్లో నిలబెట్టాయి. శిథిలాలయం చదివినవాళ్ళను ఈరోజు కదిలించి చూడండి. ఇప్పుడు అరవై దాటినవాళ్ళు కూడా శిఖిముఖి, విక్రమకేసరి అంటే ఏదో చిన్ననాటి స్నేహితుల కబురు తెచ్చినట్టు ముఖం విప్పారిస్తారు.

లేడని తెలిసీ ఏడవడం: తర్కానికి చిక్కని ముడి

1975లో కాలిన్ రాడ్‌ఫర్డ్ అనే బ్రిటిష్ తత్వవేత్త ఒక చిక్కుప్రశ్న వేశాడు. మూడు మాటలు పక్కపక్కన పెట్టండి. ఒకటి, ఒక మనిషి నిజంగా ఉన్నాడని, నిజంగా కష్టపడ్డాడని నమ్మితేనే మనం అతని కోసం బాధపడతాం. పక్కింటాయనకు యాక్సిడెంట్ అయిందన్నారు, గుండె ఝల్లుమంది; అబద్ధమని తెలిసింది, బాధ పోయింది. రెండు, నవల్లో పాత్రలు నిజంగా లేవని మనకు తెలుసు. మూడు, అయినా వాళ్ళ కోసం బాధపడతాం. విడివిడిగా చూస్తే మూడూ నిజమే అనిపిస్తాయి, కలిపి చూస్తే మూడూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదు. రాడ్‌ఫర్డ్ చివరికి తేల్చింది, మనుషులం ఈ విషయంలో పొంతన లేకుండా ఉన్నాం అని.

మిగతావాళ్ళు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. 1978లో కెండల్ వాల్టన్ మూడో మాటను పట్టుకున్నాడు: అది అసలైన భయమో దుఃఖమో కాదు, పిల్లలు బొమ్మలాట ఆడుతూ దొంగ వస్తున్నాడని కేకలు పెట్టినట్టు, ఆటలో భాగం. ఏడుస్తున్నవాళ్ళ ముందు ఈ మాట అంటే ఊరుకోరు, వాళ్ళ కన్నీళ్ళు ఉప్పగానే ఉన్నాయి కదా. నోయెల్ క్యారల్ లాంటివాళ్ళు మొదటి మాటను పట్టుకున్నారు. బాధపడడానికి నమ్మకం అక్కరలేదు, ఊహ చాలు. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు వంపు తిరిగేటప్పుడు కిటికీ పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకు ఇది తెలుసు. పడిపోతామని ఎవరూ నమ్మరు, నమ్మితే బస్సెక్కరు. కిందికి చూసి పడితే ఎట్లా అని ఒక్క క్షణం అనుకుంటే చాలు, అరికాళ్ళు జిల్లుమంటాయి. నాకైతే ఈ వివరణ మిగతావాటికంటే నేల మీద నిలబడినట్టు ఉంటుంది.

మనవాళ్ళు ఈ ముడిని వెయ్యేళ్ళ క్రితమే విప్పడానికి కూర్చున్నారు. నాటకం గురించిన పాత సంస్కృత గ్రంథం నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానాలు చెప్పిన పండితుల పరంపరలో శంకుకుడు అనే ఆయన చిత్రతురగ న్యాయం, అంటే బొమ్మ గుర్రం పోలిక, చెప్పాడు. గోడ మీద గుర్రం బొమ్మ చూసి "గుర్రం" అంటాం. అది నిజం గుర్రమని నమ్మామా, లేదు. మోసపోయామా, లేదు. గుర్రమా కాదా అని అనుమానమా, అదీ లేదు. ఈ మూడింటికీ చెందని ఒక తీరు ఎరుక అది. తర్వాత వచ్చిన అభినవగుప్తుడికి శంకుకుడి వాదం సరిపోలేదు. ఆయన దృష్టిలో, నాటకం చూసేటప్పుడు ఆ శోకం ఫలానా రాముడిది అనో నాది అనో గుర్తు చెరిగిపోయి, శోకం శోకంగా రుచికి వస్తుంది. 14వ శతాబ్దపు విశ్వనాథుడు సాహిత్యదర్పణం అనే సంస్కృత గ్రంథంలో దీన్ని సగం శ్లోకంలో ఇరికించాడు: "పరస్య న పరస్యేతి మమేతి న మమేతి చ". ఇతరులది, ఇతరులది కాదు, నాది, నాది కాదు. అంగరక్షకుడు పోయిన రాత్రి హాస్టల్లో దుప్పటి ముసుగులో ఏడ్చే అమ్మాయిని అడిగితే ఇంతకంటే బాగా చెప్పలేదు.

అభినవగుప్తుడు రసానికి, అంటే ఇట్లా భావం రుచికి రావడానికి, అడ్డుపడేవి ఏడు ఉన్నాయన్నాడు. అందులో ఒకటి, చూసేవాడు తన సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోయి ఉండడం. దీన్ని గుర్తుపెట్టుకోండి, మమకారం ఎప్పుడు బరువవుతుందన్న ప్రశ్న దగ్గర ఇది మళ్ళీ పనికొస్తుంది.

ధర్మరాజు గుడి దగ్గర పద్దెనిమిది రోజులు

ఎండాకాలంలో చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చాలా ఊళ్ళలో ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్ళ దగ్గర మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జున తపస్సు రోజు వేషగాడు తపస్మాను అనే పొడవాటి స్తంభం ఎక్కుతూ పద్యాలు పాడతాడు, పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో దాని చుట్టూ వరపడి, అంటే పిల్లల కోసం మొక్కుకుని నేల మీద పడుకుని, ఉంటారు. ఆయన పైనుంచి విసిరే నిమ్మకాయ కోసం కొంగు పట్టి నిలబడేవాళ్ళు, ఆ అర్జునుడు ఏ ఊరి మనిషో, ఆయన ఎన్నెకరాల సేద్యం చేస్తాడో తెలిసినవాళ్ళే. ఆఖరికి నేల మీద పడుకోబెట్టినట్టు చేసిన పెద్ద మట్టి దుర్యోధనుడు, దాని మీద భీముడి వేషం, దుర్యోధనుడి వేషం తరుముకోవడం, తొడ పగలడం, ద్రౌపది జుట్టు ముడి వేసుకోవడం, సాయంత్రం అగ్నిగుండం.

ఇక్కడ ఒక తేడా చెప్పకపోతే తప్పవుతుంది. ఆ జనానికి ద్రౌపది కల్పిత పాత్ర కాదు, అమ్మవారు. భక్తిని నవల చదవడంతో ఒక గాటన కట్టలేం. అయినా రెండు ప్రశ్నలకు ఇక్కడ జవాబు దొరుకుతుంది. ఎదురుగా ఉన్నది ఎరిగిన మనిషి అని తెలిసీ అర్జునుడిగా చూడడం చదువురాని అవ్వలకు కూడా కష్టమనిపించదు, అది మనసుకు పుట్టుకతో వచ్చిన పనితనం. రెండోది, సభలో చీర లాగే రాత్రి ఏడ్చిన అవ్వ పక్కన ఇంకో యాభైమంది ఏడుస్తారు. అదేం పిచ్చి అని ఎవరూ అడగరు. మర్నాడు బావి దగ్గర దాని గురించే మాట్లాడుకుంటారు, దుశ్శాసనుణ్ణి తిట్టుకుంటారు, ఇన్ని రోజుల తర్వాత ఆ జుట్టు ముడి పడడం కళ్ళారా చూస్తారు. నవల చదివే పిల్లకు దుఃఖం అంతే ఉంది, పక్కన మనుషులు లేరు. నేను చూసినంతలో వాళ్ళు ఇన్‌స్టాగ్రామ్‌లో, ఫ్యాన్ గ్రూపుల్లో గంటల తరబడి వెతుక్కునేది ఆ పక్క మనుషులనే.

మెదడు స్కాన్‌లు చెప్పేది, చెప్పనిది

2021లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు గేమ్ ఆఫ్ థ్రోన్స్ సీరియల్ అభిమానులు 19 మందిని ఎమ్మారై మెషిన్లో పడుకోబెట్టారు. తెర మీద ఒకసారి వాళ్ళ పేరు, ఒకసారి స్నేహితుల పేరు, ఒకసారి పాత్ర పేరు, పక్కన ఒక గుణం. అది వాళ్ళకు సరిపోతుందా లేదా చెప్పాలి. కథల్లో బాగా లీనమై పాత్రలతో మమేకమయ్యే అలవాటున్నవాళ్ళకు, తమ గురించి ఆలోచించేటప్పుడు మెదడు ముందుభాగంలో కనిపించే తీరు, ఇష్టమైన పాత్రల గురించి ఆలోచించేటప్పటి తీరు దగ్గరదగ్గరగా ఉన్నాయి. అదే బృందం 2023లో వేసిన ఇంకో పత్రంలో, ఒంటరితనం ఎక్కువున్నవాళ్ళ మెదడులో నిజం స్నేహితులకూ పాత్రలకూ మధ్య గీత పల్చబడినట్టు కనిపించింది. వార్తల్లో దీనికి పెద్ద హెడ్డింగులే పెట్టారు. ఉన్నది 19 మంది. ఒంటరితనం వల్ల పాత్రలు దగ్గరయ్యాయా, పాత్రలతో గడపడం వల్ల మనుషులు దూరమయ్యారా అన్నది స్కాన్ చెప్పదు.

అట్లాగే సాహిత్యం చదివితే ఎదుటివాళ్ళ మనసు చదివే శక్తి పెరుగుతుందని 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనాన్ని చాలామంది తలకెత్తుకున్నారు. తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. నవలలు మంచివాళ్ళను చేస్తాయని గానీ చెడగొడతాయని గానీ ల్యాబు పేరు చెప్పి వాదించేవాళ్ళ మాట కాస్త అనుమానంగానే వినాలి.

ఆసరా అనేవాళ్ళు, తప్పించుకోవడం అనేవాళ్ళు

2009లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, దగ్గరివాళ్ళతో గొడవ గుర్తుకు తెచ్చుకున్న తర్వాత ఇష్టమైన టీవీ కార్యక్రమం గురించి ఆలోచిస్తే మనసు కుంగడం తగ్గింది. కథలు మనుషులు లేని చోట ఆసరాగా నిలబడతాయని ఒక పక్షం దీన్ని చూపిస్తుంది. రెండో పక్షం అడిగేది కూడా న్యాయమే: ఆసరా దొరికాక మనుషుల దగ్గరికి తిరిగి పోవాల్సిన అవసరం తగ్గదా? 2002లో ఇజ్రాయెల్ మనస్తత్వవేత్త ఎలీ సోమర్ మితిమీరిన పగటికలల గురించి రాశాడు. కొందరు గంటల కొద్దీ తమ ఊహాలోకంలో నడుస్తూ, చదువూ పనీ తిండీ పక్కన పడేస్తారు, బయటికి రావాలనుకున్నా రాలేరు. ఇది అమెరికా మానసిక వైద్యుల అధికారిక జబ్బుల జాబితాలో ఇంకా లేదు, చేర్చాలా వద్దా అన్న వాదన నడుస్తోంది.

ఇద్దర్ని పక్కపక్కన పెట్టి చూద్దాం, ఊహించుకున్న మనుషులే. చిత్తూరులో ఒకామె, ఇద్దరు పిల్లలు, రాత్రి గిన్నెలు తోమి, మిక్సీ జార్ బోర్లించి, అందరూ పడుకున్నాక ఫోన్లో ప్రతిలిపి అనే కథల యాప్‌లో ఒక ఫాంటసీ ధారావాహిక చదువుతుంది. యక్షుడైన నాయకుడంటే ప్రాణం. కామెంట్లు పెడుతుంది, వాడికి గాయమైతే ఏడుస్తుంది, పొద్దున్నే ఐదింటికి లేస్తుంది. తిరుపతి శివారు హాస్టల్లో ఇంటర్ కుర్రాడు అసలు ఏడవడు. ఒకే నవల మళ్ళీ మళ్ళీ చదువుతాడు, అంగరక్షకుడు చనిపోయే పేజీకి ముందే ఆపేసి మొదటికి వస్తాడు. వాళ్ళ నాన్న పోయి ఏడాదయింది. పైకి చూస్తే కన్నీళ్ళు ఆమెవి, కంగారుపడాల్సింది ఆమె గురించి అనిపిస్తుంది. ఆమె చదువుతున్నది యక్షుడి కథ. వాడు చదువుతున్నది తన కథ, అంగరక్షకుడి చొక్కా తొడిగిన నాన్నను. అభినవగుప్తుడు అడ్డంకి అన్నది సరిగ్గా దీన్నే. అంతమాత్రాన వాడికి జబ్బు అనడానికి లేదు, కొందరికి దుఃఖం ఆ దారినే కరుగుతుంది కూడా. వాడి విషయంలో పుస్తకం లాక్కుంటే పోయేది పుస్తకమే, దుఃఖం అక్కడే ఉంటుంది.

పాత్ర పోయాక, కథ ఆగిపోయాక

2004లో జొనాథన్ కోహెన్ టీవీ పాత్రలు తెర మీద నుంచి వెళ్ళిపోతే చూసేవాళ్ళకు ఎంత బాధ ఉంటుందని అడిగి చూశాడు. నిజం సంబంధాల్లో ఎప్పుడూ 'వదిలేస్తారేమో' అన్న ఆందోళన ఉండేవాళ్ళే ఇక్కడా ఎక్కువ బాధ పడతామన్నారు. అంటే మనసు పాత్రల కోసం వేరే యంత్రం ఏదీ పెట్టుకోలేదు, మనుషులను ప్రేమించేదానితోనే వాళ్ళనూ ప్రేమిస్తుంది.

పాత్ర చనిపోవడం ఒక రకం, కథ మధ్యలో ఆగిపోవడం ఇంకో రకం. ఆన్‌లైన్ ధారావాహికల్లో రచయితకు ఉద్యోగం వచ్చో, పెళ్ళయ్యో, విసుగు పుట్టో రాయడం మానేస్తారు. కింద కామెంట్లలో "తర్వాతి భాగం ఎప్పుడండీ" అని అడుగుతూనే ఉంటారు. అక్కడ చావు లేదు, జుట్టు ముడి పడడమూ లేదు. అందుకే కొందరు తామే ముగింపు రాసుకుంటారు, అభిమానులు ఇట్లా రాసుకునే కథలనే ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. పాత్ర ఎవరిది, పుట్టించినవాడిదా పెంచుకున్నవాళ్ళదా అన్న తగాదా కూడా ఇక్కడే మొదలవుతుంది. చట్టం మొదటివాడి వైపే ఉంటుంది గానీ, పాఠకులు గట్టిగా పట్టుబట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఆర్థర్ కోనన్ డాయల్ 1893 డిసెంబర్‌లో షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలో పడేసి చంపాడు, ఆ డిటెక్టివ్ వల్ల తన పెద్ద రచనలు మరుగున పడుతున్నాయని ఆయన బాధ. పాఠకులు ఉత్తరాలతో తిట్టారు, ఆ కథలు వచ్చే పత్రికకు చందాలు మానేశారు. 1901లో, చనిపోకముందు జరిగిన కథ అని చెప్పి ఒక నవల మొదలుపెట్టాడు. జనానికి అది చాలలేదు. 1903లో హోమ్స్ అసలు జలపాతంలో పడనే లేదని రాయాల్సి వచ్చింది.